గెడ్డ చుట్టూ ఎర్ర సున్నా

తెలుగు ఉపాధ్యాయుడిగా ఇరవై రెండేళ్లు పనిచేసిన తరవాత, పిల్లల వ్యాసాలకు మార్కులు ఎలా వేయాలన్న విషయం మీద నా కోసం నేను ఒక కాగితం రాసి పెట్టుకోవలసి వచ్చింది. ఆ కాగితం ఎందుకు పుట్టిందో, అందులో ఏముందో, ఏ చోట నా మనసు ఇప్పటికీ కుదుటపడలేదో తోటి ఉపాధ్యాయులకూ, పిల్లల తల్లిదండ్రులకూ చెప్పాలని ఇది రాస్తున్నాను.

మాది బొబ్బిలికి దగ్గరలో ఉన్న ఒక జిల్లా పరిషత్తు ఉన్నత పాఠశాల. కొన్నేళ్ల కిందట తొమ్మిదో తరగతి పిల్లలను ‘నీటి పొదుపు’ గురించి పది మార్కులకు వ్యాసం రాయమన్నాను. ముప్పై ఎనిమిది పత్రాలు వచ్చాయి. ఆ రాత్రి భోజనం అయ్యాక దిద్దడానికి కూర్చుంటే, సగానికి పైగా పత్రాలు “నీరు సమస్త జీవకోటికి ప్రాణాధారం” అన్న వాక్యంతోనే మొదలయ్యాయి. అది గైడులోని వాక్యం. దాని వెంట భూమి మీద మూడు వంతులు నీరే ఉందన్న మాట, ఆ వెంట ఇంకుడు గుంతలు, చివర “కావున నీటిని పొదుపుగా వాడుదాం” అన్న ముక్తాయింపు, అన్నీ అదే వరసలో వచ్చాయి. దస్తూరి బాగున్నవాటికి ఎనిమిదీ, కొంచెం వంకరగా ఉన్నవాటికి ఏడూ వేసుకుంటూ పోయాను.

మధ్యలో ఎక్కడో ఒక అమ్మాయి పత్రం వచ్చింది. అరపేజీ కంటే ఎక్కువ లేదు. అందులో ఉన్నది దాదాపు ఇలా ఉంది: “ఎండాకాలం మా ఊరి గెడ్డలో నీరుండదు, ఇసకే. తెల్లారకట్ల మా అమ్మ చెలమ తీస్తాది. మొదట ఊరిన నీరు బురదగా ఉంటాది, అది పారబోసీయాల. రెండోసారి ఊరినాక చిప్పతోటి బింధెలోకి తోడతాం. తోడినప్పుడు చిప్ప అడుక్కి తగలకూడదు, తగిలితే మళ్లీ బురదైపోతాది. అందుకే మా ఇంట్లో నీరెవరూ ఒలకబోయరు.” బిందెలో ద కింద వత్తు, పొదుపులో ద కింద వత్తు. నేను ‘గెడ్డ’ చుట్టూ ఎర్ర సిరాతో సున్నా చుట్టి పైన ‘వాగు’ అని రాశాను. ‘తీస్తాది’ని సున్నా చుట్టాను, ‘పారబోసీయాల’ను కొట్టేశాను. మొత్తం ఏడు చోట్ల ఎరుపు పడింది. నాలుగు మార్కులు వేసి తరవాతి పత్రం తీశాను.

మర్నాడు పత్రాలు పంచినప్పుడు ఆ అమ్మాయి బల్ల దగ్గరకు వచ్చి, మార్కుల గురించి ఏమీ అడగకుండా, సున్నా మీద వేలు పెట్టి, “గెడ్డని గెడ్డే అంటాం గదండి మాస్టారూ, మరేటి రాయాలండి?” అంది. పుస్తకంలో వాగు అని ఉంటుంది, అలాగే రాయమని చెప్పాను. సరేనండి అని వెళ్లి కూర్చుంది. నేను పుట్టిందీ గెడ్డ ఒడ్డునే. చిన్నప్పుడు ఈత నేర్చుకున్నదీ అందులోనే. మా అమ్మ ఏనాడూ దాన్ని వాగు అనలేదు. కొండ మీంచి దిగి వచ్చి, వానాకాలంలో పొంగి, వేసవిలో ఇసుక మేటగా మిగిలిపోయే ఆ పారుదలకు మా జిల్లాల్లో ఉన్న పేరు గెడ్డ. ఆ పేరు తెలిసిన పిల్ల ఆ పేరుతో రాస్తే, ఆ పేరు తెలిసిన పంతులు దాన్ని తప్పు పట్టాడు. ఈ ఆలోచన వారం రోజులు నన్ను వదలలేదు.

ఆదివారం నాడు ఆ ముప్పై ఎనిమిది పత్రాలనూ మళ్లీ అడిగి తీసుకుని, ఎర్ర సిరాను పట్టించుకోకుండా చదివాను. నిజానికి నేను మార్కులు వేసింది మూడింటికి: దస్తూరికి, పొడవుకు, సున్నాలు తక్కువగా ఉండడానికి. విషయం అన్నది నా లెక్కలోకి రానే లేదు. నీటిని పొదుపుగా వాడడం అంటే ఏమిటో ఆ తరగతిలో రాసి చూపింది ఆ ఒక్క అమ్మాయే. చిప్ప అడుక్కి తగలకూడదన్న వాక్యంలో ఒక పని ఉంది, ఆ పని వెనుక కారణం ఉంది, దాన్ని కళ్లారా చూసిన మనిషి ఉంది. గైడు వ్యాసంలో ఈ మూడింటిలో ఒక్కటీ లేదు. దానికి ఎనిమిది, దీనికి నాలుగు వేశాను.

ఇది నా ఒక్కడి లోపమా, అందరిదీనా అని తెలుసుకోవాలనిపించింది. ఆ తరవాత జరిగిన స్కూల్ కాంప్లెక్స్ సమావేశానికి, అంటే చుట్టుపక్కల బడుల ఉపాధ్యాయులు కలుసుకునే సమావేశానికి, ఆ కట్టలోంచి ఐదు వ్యాసాలను పేర్లు తీసేసి జిరాక్సు తీయించి పట్టుకెళ్లాను. నలుగురు తెలుగు ఉపాధ్యాయులకు ఇచ్చి, ఒకరితో ఒకరు మాట్లాడుకోకుండా పదికి మార్కులు వేయమన్నాను. గైడు వ్యాసానికి అందరూ ఏడో ఎనిమిదో వేశారు. చెలమ వ్యాసానికి మాత్రం ఒకరు మూడు, ఇద్దరు ఐదు, ఒకరు ఎనిమిది వేశారు. మూడు వేసిన మాస్టారు మాలో అందరికంటే ఎక్కువ చదువుకున్నవారు, పిల్లలంటే ప్రాణం పెట్టేవారు. ఆయన చెప్పిన కారణాన్ని తేలిగ్గా కొట్టిపారేయలేం. “రేపు పదో తరగతిలో ఈ పత్రం ఎవరి చేతిలో పడుతుందో మనకు తెలీదు. వాళ్లు ఊరుకోరు, మార్కులు తీసేస్తారు. ఆ దెబ్బ అక్కడ తగిలేకంటే ఇక్కడే తగిలితే పిల్ల జాగ్రత్త పడుతుంది” అన్నారాయన.

ఒకే వ్యాసానికి ఇన్ని రకాల మార్కులు రావడం మా మండలానికే పరిమితమైన వింత ఏమీ కాదని తరవాత చదివి తెలుసుకున్నాను. 1912లో అమెరికాలో స్టార్చ్, ఎలియట్ అనే ఇద్దరు పరిశోధకులు ఉన్నత పాఠశాల విద్యార్థులు రాసిన రెండు ఇంగ్లీషు జవాబు పత్రాలకు నకళ్లు తీసి ఎన్నో బడులకు పంపారు. దిద్ది తిప్పి పంపిన ఉపాధ్యాయులు 142 మంది. నూటికి వేసిన ఆ మార్కులు ఒక పత్రానికి 64 నుంచి 98 దాకా, రెండో పత్రానికి 50 నుంచి 97 దాకా వచ్చాయి. అంటే ఒకే కాగితం ఒకరి చేతిలో అత్తెసరు, మరొకరి చేతిలో తరగతిలో మొదటి స్థానం. 1961లో ఎడ్యుకేషనల్ టెస్టింగ్ సర్వీస్ అనే అమెరికా పరీక్షల సంస్థ కోసం డైడెరిక్, మరో ఇద్దరు కలిసి చేసిన పని ఇంకా లోతైనది. కాలేజీ మొదటి సంవత్సరం విద్యార్థుల వ్యాసాలు 300 తీసుకుని, ఆరు వేర్వేరు రంగాలకు చెందిన 53 మందితో తొమ్మిది అంతస్తుల కొలత మీద దిద్దించారు. అందులో 101 వ్యాసాలకు ఒకటి నుంచి తొమ్మిది దాకా అన్ని అంతస్తులూ పడ్డాయి. ఐదు రకాల కంటే తక్కువ మార్కులు పడ్డ వ్యాసం ఒక్కటి కూడా లేదు.

ఆ అధ్యయనంలో నాకు నిజంగా ఉపయోగపడింది ఈ అంకెల తరవాత వచ్చే భాగం. దిద్దినవాళ్లు ఎందుకు విడిపోయారని వెతికితే, వాళ్లు ఐదు గుంపులుగా తేలారు. ఒక గుంపు ఆలోచనను చూసింది, ఒకటి అమరికను, ఒకటి రాసిన మనిషి గొంతును, ఒకటి అక్షరదోషాలనూ వాక్యదోషాలనూ, ఒకటి పదాల ఎంపికను. ఎవరూ అన్యాయం చేయాలని చేయలేదు, అజాగ్రత్తగానూ దిద్దలేదు. ఎవరి కంటికి ఏది పెద్దదిగా కనబడిందో వాళ్లు దానికే మార్కులు వేశారు. మా కాంప్లెక్సు సమావేశంలో మూడు వేసిన మాస్టారూ, ఎనిమిది వేసిన మేడమూ చేసింది ఇదే. నేను ఆదివారం ఒకలాగా, మొదట దిద్దిన రాత్రి ఒకలాగా చేసిందీ ఇదే. ఒక మనిషిలోనే ఇద్దరు పరీక్షకులు ఉన్నప్పుడు, ఏ పత్రం ఎవరికి చిక్కుతుందో అన్నది పిల్లవాడి అదృష్టం అయిపోతుంది.

పరీక్షలో వ్యాసం ఏ తెలుగులో రాయాలన్న పోరాటానికి మా నేలే పుట్టిల్లన్న సంగతి ఇక్కడ చెప్పాలి. శ్రీకాకుళం జిల్లా పర్వతాలపేటలో 1863 ఆగస్టు 29న పుట్టిన గిడుగు వేంకట రామమూర్తి పంతులు గారు పర్లాకిమిడిలో పాఠాలు చెప్పారు. సవర గిరిజనుల భాష నేర్చుకుని వాళ్ల పిల్లలకు వాళ్ల మాటలోనే చదువు చెప్పాలని పూనుకున్నారు. ఆయన పుట్టినరోజునే మనం తెలుగు భాషా దినోత్సవం జరుపుకుంటున్నాం. విజయనగరంలో గురజాడ అప్పారావు గారు, అప్పటి బడుల ఇనస్పెక్టరు యేట్స్ దొర కూడా వాడుక భాష వైపే నిలబడ్డారు. మద్రాసు విశ్వవిద్యాలయం తెలుగు వ్యాసరచన మీద వేసిన ఉపసంఘంలో మిగిలినవారి నివేదికతో ఏకీభవించలేక, గురజాడ గారు 1914లో ఇంగ్లీషులో ఒక పెద్ద అసమ్మతి పత్రం రాశారు. మరుసటి ఏడాదే ఆయన కన్ను మూశారు. జబ్బుతో తీసుకుంటున్న మనిషి, కవితలూ కథలూ రాసుకోవలసిన చివరి రోజుల్లో, విద్యార్థి వ్యాసాన్ని ఏ కొలతతో కొలవాలన్న ప్రశ్న కోసం అంత శ్రమ పడ్డారంటే, ఆ ప్రశ్న ఆయనకు ఎంత ముఖ్యమో తెలుస్తుంది.

అయితే నాకు తోచిన ఒక మాట చెబుతాను. వాళ్లు గ్రాంథికం (పాత పుస్తకాల భాష) మీద గెలిచి తెచ్చిన వాడుక భాష కాలక్రమంలో శిష్ట వ్యావహారికంగా స్థిరపడింది. అది చాలావరకు కృష్ణా, గోదావరి జిల్లాల చదువుకున్నవారి మాట మీద నిలబడింది. పత్రికలూ, పాఠ్యపుస్తకాలూ, నేను రాస్తున్న ఈ వాక్యాలూ ఆ భాషలోనివే. అది తప్పని నేను అనను, రాష్ట్రమంతా చదువుకోవడానికి ఒక ఉమ్మడి రాత భాష కావాలి. కానీ చోళ్లను రాగులనీ, ఆనపకాయను సొరకాయనీ, గొర్జిని సందనీ దిద్దడం మొదలుపెడితే, గిడుగు వారు పుట్టిన నేల మీదే పిల్లల నోటి మాట మళ్లీ వాకిట్లో నిలబడుతుంది.

ఇక నా కాగితం సంగతి. పది మార్కుల్లో నాలుగు విషయానికి పెట్టుకున్నాను. విషయం అంటే ఎన్ని అంశాలు రాశాడన్నది కాదు, అడిగినదానికి జవాబు ఉందా, ఆ జవాబుకు ఆధారంగా కనీసం ఒక్క చూసిన, చేసిన లేదా చదివి అర్థం చేసుకున్న సంగతి ఉందా అన్నది. రెండు మార్కులు అమరికకు: ఒక వాక్యం తరవాత ఇంకో వాక్యం ఎందుకు వచ్చిందో చదివేవారికి తెలియాలి. రెండు మార్కులు మాటకు: చెప్పదలచుకున్నదానికి సరిపోయే పదం దొరికిందా, వాక్యం పూర్తయిందా. మిగిలిన రెండూ రాతకు. దస్తూరి అందంగా లేదని ఏమీ తగ్గించను, చదవడానికి వీలుగా ఉంటే చాలు. రంగు పెన్నులతో గీతలు గీసిన సూక్తులకు ప్రత్యేకంగా ఏమీ ఉండదు.

ఈ నాలుగింటిలో నాకు ఎక్కువ కష్టమైనది రాత. తప్పులన్నీ ఒక్కటి కావని గుర్తించడానికి నాకు చాలా కాలం పట్టింది. బిందెకు వత్తు పెట్టడం రాత తప్పు, అది నేర్పితే పోతుంది. శ, ష, స తారుమారు కావడం, ణ రాయవలసిన చోట న రాయడం, ళ బదులు ల రాయడం కూడా ఆ కోవలోవే. వీటిలో ఒకే తప్పు పది సార్లు వచ్చినా ఒక్కసారే లెక్కపెడతాను. పొదుపును పదిసార్లు ‘పొధుపు’ అని రాసిన పిల్లకు తెలియనిది ఒక్క మాటే. గెడ్డ, చెలమ, చోళ్లు, గొర్జి తప్పులు కానే కావు. అవి మాట కింద పెట్టుకున్న రెండు మార్కులను సంపాదించి పెట్టే పదాలు, ఎందుకంటే సరైన వస్తువుకు సరైన పేరు అదే. వీటి మీద ఎర్ర సిరా పడకూడదని నాకు నేనే కట్టడి చేసుకున్నాను.

మూడో రకం ‘తీస్తాది’, ‘పారబోసీయాల’ వంటివి. నాకు ఇంకా తేలనిది ఇక్కడే. ఇది మా పలుకు, ఇందులో తప్పు లేదు, కథలో సంభాషణగా వస్తే అందం కూడా. కానీ వ్యాసం రాసేటప్పుడు ఉమ్మడి రాత భాషలోని క్రియారూపం పిల్లలకు వచ్చి తీరాలి. అది రాకపోతే రేపు అర్జీ రాసుకోవడానికీ, ఉద్యోగ పరీక్ష రాయడానికీ ఇబ్బంది పడేది వాళ్లే. అందుకని ఇప్పుడు అలాంటి చోట పెన్సిలుతో గీత గీసి, పక్కన ‘తీస్తుంది’ అని రాస్తాను, మార్కు మాత్రం తగ్గించను. మూడు వేసిన మాస్టారి భయానికి నా దగ్గరున్న జవాబు ఇంతే. ఆయన దీన్ని సగమే ఒప్పుకున్నారు. బహుశా ఆయన చెప్పిందే సరైనదేమో అని పరీక్షల కాలంలో నాకూ అనిపిస్తూ ఉంటుంది.

దిద్దే పద్ధతి కూడా మార్చుకున్నాను. పేరు కనబడకుండా మొదటి పేజీ మడిచి పెడతాను. పెన్ను పట్టుకోకుండా కట్ట మొత్తం ఒకసారి చదివి, బాగున్నవి, మధ్యరకం, ఇంకా రావలసినవి అని మూడు దొంతరలు పెడతాను. ఆ తరవాతే మార్కులు. చివరి పత్రం అయ్యాక మొదట దిద్దిన ఐదింటినీ మళ్లీ తీసి చూస్తాను. మొదట్లో చేయి గట్టిగా ఉండి, అలసట వచ్చేకొద్దీ వదులవుతుందని అలా చూసినప్పుడే తెలిసింది. వరసగా నాలుగు నాసిరకం వ్యాసాలు చదివాక వచ్చిన మామూలు వ్యాసం కూడా మహాగొప్పగా కనబడుతుంది. పత్రాల వరసను కలగలిపేయడం తప్ప దీనికి వేరే మందు లేదు.

అన్నింటికంటే ఎక్కువ ఫలితం ఇచ్చింది మాత్రం ప్రశ్నను మార్చడం. ‘నీటి పొదుపు’ అని అడిగి, గైడు వ్యాసం వచ్చిందని పిల్లల మీద కోప్పడితే లాభం లేదు, ఆ ప్రశ్న అడిగిందే దాన్ని. ఇప్పుడు “మీ ఇంటికి రోజుకు ఎన్ని బిందెల నీళ్లు కావాలి, ఎవరు ఎక్కడి నుంచి తెస్తారు, అందులో రెండు బిందెలు తగ్గించాలంటే మీరు ఏ పని మార్చుకుంటారు?” అని అడుగుతాను. దీనికి జవాబు ఏ గైడులోనూ లేదు. మొదటిసారి ఈ ప్రశ్న ఇచ్చినప్పుడు తరగతిలో బాగా మార్కులు వచ్చే ఇద్దరు పిల్లలు పది నిమిషాలు పెన్ను కదపలేకపోయారు, వెనుక బెంచీలో కూర్చునే కుర్రాడు ఒకడు మాత్రం వాళ్ల పశువుల కుడితికి పోయే నీళ్ల దగ్గర మొదలుపెట్టి పేజీన్నర రాశాడు. కొలత కాగితాన్ని కూడా ప్రశ్నతోపాటే నల్లబల్ల మీద రాస్తున్నాను. దేనికి ఎన్ని మార్కులో దిద్దేవాడికి తెలిసి రాసేవాడికి తెలియకపోవడం న్యాయం కాదు.

ఫార్మెటివ్ (మధ్యమధ్యలో పెట్టే), సమ్మెటివ్ (చివర పెట్టే) పరీక్షలకు మార్కులు నమోదు చేయక తప్పదు కాబట్టి చేస్తాను. మామూలు తరగతి వ్యాసానికి మాత్రం మొదటిసారి మార్కు వేయకుండా అంచులో ఒక్క ప్రశ్న రాసి తిరిగి ఇస్తాను. మార్కు కనబడితే పిల్లలు దాన్ని చూసి, పక్కవాడి మార్కు చూసి, కాగితం మడిచేస్తారు. పక్కన ఎంత రాసినా చదవరు. 1988లో రూత్ బట్లర్ ప్రచురించిన పరిశోధనలో కూడా వ్యాఖ్య ఒక్కటే అందుకున్న పిల్లలు ముందుకు వెళ్లారు, వ్యాఖ్యతోపాటు మార్కు కూడా అందుకున్నవాళ్లకు ఆ మేలు దక్కలేదు.

పదో తరగతి పత్రాలను ఉపాధ్యాయులంతా ఒకచోట కూర్చుని దిద్దే స్పాట్ వాల్యుయేషన్‌లో ఇంత తీరిక ఉండదు. రోజుకు నలభై పత్రాలు, ఎదురుగా చీఫ్ ఎగ్జామినరు, చేతిలో సూచనల కాగితం, ఎనిమిది మార్కుల వ్యాసరూప ప్రశ్నకు మహా అయితే రెండు మూడు నిమిషాలు. ఒక ఏడాది అక్కడ నా చేతికి వచ్చిన పత్రంలో “మా ఊరి వంక పారితే బడికి సెలవు” అని ఉంది. ‘వాగులూ వంకలూ’ అని జంటగా అన్నప్పుడు తప్ప మా వైపు వంక అంటే నెపం అనే తోస్తుంది, పెన్ను మొన ఆ మాట మీదకు వెళ్లింది కూడా. రాయలసీమ వైపు గెడ్డను వంక అంటారని అప్పుడు గుర్తొచ్చింది. ఆ పిల్లవాడు ఎవరో, ఏ ఊరివాడో నాకు తెలిసే వీలు లేదు. వాడి వంకకు విజయనగరం జిల్లా పంతులు అడ్డం పడకుండా ఉండడానికి మా తొమ్మిదో తరగతి అమ్మాయి కారణమని వాడికీ తెలియదు.

ఆ అమ్మాయి మరుసటి ఏడు పదో తరగతిలో ప్రీఫైనల్ రాసింది. రాత భాషలోని క్రియలన్నీ అప్పటికి దాదాపు పట్టుబడ్డాయి, బిందెకు వత్తు పోయింది. వేసవి గురించి రాసిన జవాబులో మొదటి వాక్యం ఇది: “మా ఊరి గెడ్డ, అంటే కొండ మీంచి దిగి వచ్చే చిన్న వాగు, మార్చి నెలకే ఇసుకగా మారుతుంది.” అలా రాయమని నేను ఎప్పుడూ చెప్పలేదు. మాట కింద ఉన్న రెండు మార్కులూ వేసి, పెన్ను పక్కన పెట్టి, ఆ జవాబు చివరిదాకా చదివాను.